నాన్నగారి బుల్లెట్

నాన్నగారు పోయిన దగ్గర్నుంచి ఆయన బుల్లెట్ మా పుట్టింటి వసారాలో పాత దుప్పటి కప్పుకుని అలాగే ఉంది. ఆరేళ్ళు. మొన్న సంక్రాంతికి వెళ్తే తమ్ముడు "ఇచ్చేద్దామక్కా, చోటు దండగ" అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముందు స్టార్ట్ అవుతుందేమో చూద్దామని మెకానిక్‌ని పిలిచాం. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాడు, ప్లగ్గు మార్చాడు. ఒకప్పుడు ఆ కిక్ రాడ్డు వెనక్కి తన్ని తమ్ముణ్ణి వారం రోజులు కుంటించింది. ఇప్పుడు అడ్డేమీ లేనట్టు కిందికి దిగిపోయింది. "కంప్రెషన్ లేదు సార్. రింగులు పోయుంటాయి. బోరు చేయించి పిస్టన్ మార్చాలి" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు.

మావాడు మెకానికల్ రెండో ఏడు. "రింగులేనని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. డీకంప్రెషర్ తీగ బిగుసుకోలేదని చూసుకుని, ప్లగ్గు రంధ్రంలో గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొట్టారు. ముల్లు లేవలేదు. ఆ రంధ్రంలోంచే చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టారు. తప్పు రింగులదైతే ఆ నూనె సందులు మూసి ముల్లు పైకి రావాలట. రాలేదు. అయితే వాల్వో, గాస్కెట్టో.

ప్లగ్గు మళ్ళీ బిగించేసరికి అమ్మ వచ్చి నిలబడింది. "కొట్టకు నాన్నా, మెల్లిగా నొక్కు" అంది మనవడితో. "తాతగారు అలాగే నొక్కేవారు. ఒకచోట గట్టిగా ఆగేది. అక్కడ ఆ చిన్న లీవరు నొక్కితే చుస్సుమనేది. ఆ తర్వాతే తన్నేవారు. ఇప్పుడెక్కడా ఆగట్లేదు. గాలంతా సైలెన్సర్లోంచి పోతున్నట్టుంది, వినండి."

మెకానిక్ సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. మాట్లాడకుండా పక్కనున్న చిన్న మూత విప్పాడు. లోపల రెండు రాడ్లు. ఒకటి వేళ్ళతో తిప్పితే ఒద్దికగా తిరిగింది. రెండోది వదులుగా పైకీ కిందికీ ఆడింది. "ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని తుప్పుకి పట్టేసిందమ్మగారూ, మూసుకోవట్లేదు" అన్నాడు. ఇంజన్ ఆగినప్పుడు ఆ వాల్వు తెరిచి ఉందట. ఆరేళ్ళ చెమ్మ అందులోంచే లోపలికి వెళ్ళింది.

హెడ్డు విప్పి, వాల్వు శుభ్రం చేసి, పేస్టుతో సీటు మీద రుద్ది, కొత్త గాస్కెట్ వేశాడు. పిస్టన్ జోలికే వెళ్ళలేదు. మూడోనాడు వసారాలో ఆ చప్పుడు వినిపించగానే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ముప్ఫై ఏళ్ళు రోజూ పొద్దున్నే ఆ చప్పుడు విన్న మనిషిని మేం ఒక్కమాటైనా అడగలేదు. బండి మగవాళ్ళ సంగతి అనుకున్నాం.

"కిక్ గట్టిగా ఆగే చోటే వదిలేయండి, రెండు వాల్వులూ మూసి ఉంటాయి. నెలకోసారి ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపండి" అని చెప్పి వెళ్ళాడు మెకానిక్.

ఇప్పుడు మా తమ్ముడు నెలనెలా ఊరికి వెళ్తున్నాడు. బండి కోసమేనట. అమ్మ ముందురోజే పప్పు నానబోస్తోంది.