సముద్రం చూడని పిల్లలకు సముద్రపు పాఠం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో నేను అనేక సంవత్సరాలు సైన్సు బోధించాను. ఈ మూడు ఊళ్లూ సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నవి. ఏ తరగతిలోనైనా సముద్రాన్ని కళ్లారా చూచిన పిల్లలు నలుగురైదుగురికి మించేవారు కారు. "సార్, సముద్రం మనకెందుకు? పరీక్షలో ఎన్ని మార్కులకొస్తాది?" అని పిల్లలు అడిగేవారు.

హైస్కూలులో సముద్ర శాస్త్రమని వేరే సబ్జెక్టు లేదు. ఋతుపవనాలు సాంఘిక శాస్త్రంలో, సాంద్రత భౌతిక శాస్త్రంలో, చేపలు జీవశాస్త్రంలో ఉంటాయి. వాటిని ఒకచోటికి తెచ్చి చెప్పేవాడిని. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలిపితే దాదాపు సముద్రపు నీటి ఉప్పదనం వస్తుంది. అందులో నాలుగు చుక్కల సిరా వేసి, మంచినీళ్లున్న గాజుగ్లాసులో అంచు వెంబడి మెల్లగా పోయించేవాడిని. ఉప్పునీరు బరువు గనుక సిరా రంగు అడుగుకు దిగేది. నదీ ముఖంలో మంచినీరు సముద్రం మీద పరచుకోవడం కూడా ఇందువలననే. వెనుక బెంచీ పిల్లలు సైతం లేచి వచ్చి చూచేవారు.

తరువాత పటం మీద వేలు పెట్టించేవాడిని. మదనపల్లె బాహుదా నీరు చెయ్యేరులో చేరుతుంది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. కుప్పం ప్రాంతం మీదుగా పోయే పాలారు తమిళనాడు దాటి అదే సముద్రంలో కలుస్తుంది. మన చేనిగట్టు దాటిన నీరు పోయేది అక్కడికే. మనకు వానగా తిరిగి వచ్చేదీ సముద్రం నుండే. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన చెరువులు నిండేది బంగాళాఖాతపు మేఘాల వలననే గదా!

2021 నవంబరు 19న ఈ పాఠం ఎంత అవసరమో అందరికీ తెలిసింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఆ తెల్లవారుజామున చెన్నై సమీపాన తీరం దాటింది. కుండపోత వానలకు చెయ్యేరు పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువ గ్రామాలు మునిగి, అనేకులు ప్రాణాలు కోల్పోయారు. సముద్రానికి ఎంతో దూరాన ఉన్నవారి ఇండ్లు అవి.

సముద్రపు పాఠం ప్రాణాలు కాపాడిన సందర్భమూ ఉన్నది. 2004 డిసెంబరు 26న థాయిలాండు తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేండ్ల ఇంగ్లండు బాలిక సముద్రపు నీటి మీద వింత నురగను చూచి, సునామీ వస్తోందని గుర్తించింది. రెండు వారాల క్రితమే బడిలో భూగోళం మాస్టారు ఆ సంగతి చెప్పారు. ఆమె కేకలతో ఆ బీచిలోని వారంతా ప్రాణాలతో బయటపడ్డారు.

పుంగనూరులో ఒక రైతు నా దగ్గరకు వచ్చి, "సార్, మా పాప విశాఖపట్నం పోయి సముద్రం చదవతాదంట. ఆవులు, టమాటా తప్ప మాకేం తెలుసు? ఆ చదువుకు కూడు పుడతాదా?" అని అడిగాడు. అతని భయం న్యాయమైనదే. నేను నాకు తెలిసినంత చెప్పాను. ఇంటరులో బై.పి.సి. చదివితే నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని ఫిషరీస్ కళాశాల ఉన్నది. బి.యస్సీ. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది. 1950లలోనే అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ వచ్చి అక్కడ సముద్ర పరిశోధనకు బాట వేశారు. సునామీ హెచ్చరికలూ, జాలరులకు చేపలుండే చోట్ల సమాచారమూ ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదులో ఉన్నది. సముద్రమే లేని ఊరిలో కూర్చుండి దేశపు సముద్రాన్ని కనిపెట్టి చూచేవారున్నప్పుడు, పుంగనూరు పిల్ల ఎందుకు కాకూడదు?

తల్లిదండ్రులారా, మీ బిడ్డ సముద్రాన్ని గూర్చి అడిగితే "మనకెందుకు" అనకండి. రేడియోలో వాయుగుండం వార్త వచ్చినపుడు పటం తెచ్చి, అది ఎక్కడ పుట్టిందో చూపించమనండి. ఆ బిడ్డ శాస్త్రవేత్త అయినా కాకపోయినా, వాగు ఎప్పుడు దాటవచ్చునో, ఎప్పుడు దాటరాదో ఇంటిల్లిపాదికీ చెప్పగలిగిన మనిషి అవుతుంది.