రాగి కొండ మీద అమ్మతో

మొన్న ఎండాకాలం సెలవుల్లో అక్క పురుడుకని అమ్మతో కలిసి ఇంగ్లండు వెళ్ళాను. తిరిగొచ్చాక అందరూ లండన్ గురించే అడిగారు. నాకు చెప్పాలని ఉన్నది వేరే చోటు సంగతి. వేల్స్‌లో ఆంగ్లెసీ అనే దీవి ఉంది. అక్కడ ఆమ్లుక్ ఊరి పక్కన పారిస్ కొండ. (ఐఫిల్ టవర్ పారిస్ కాదు!) ఒక ఆదివారం బావ మమ్మల్ని అక్కడ దింపి, "మెల్లగా చుట్టి రండి" అని కారులోనే నిద్రపోయాడు.

కొండంటే పచ్చగా ఉంటుందనుకున్నాం. ఎరుపు, పసుపు, ఊదా రంగుల రాళ్ళు, చాలాచోట్ల గడ్డి కూడా మొలవని నేల, నడుమ ఇంత పెద్ద గొయ్యి. అమ్మ అంచున నిలబడి, "మన సైనైడ్ దిబ్బ మాదిరే ఉండాది గదే!" అంది. మాది కోలారు బంగారు గనుల ఊరు. గనులు 2001లో మూతపడ్డాయి, దిబ్బలు మాత్రం ఉన్నాయి. గాలి వీస్తే ఆ దుమ్మంతా మా ఇళ్ళలోనే. ఇక్కడ అలాంటి నేలకే బాట వేసి, బోర్డులు పెట్టి, రండి చూడండి అంటున్నారు. బోర్డుల మీద వెల్ష్, ఇంగ్లీషు. మా ఊళ్ళో కన్నడం, ఇంగ్లీషు ఉన్నట్టు. నేను చదివి అమ్మకి తెలుగులో చెబుతూ నడిచాను.

దాదాపు 4000 ఏళ్ళ కిందట, కంచు యుగంలోనే, ఇక్కడ తవ్వారట. 1768 మార్చి 2న రోలండ్ ప్యూ అనే కార్మికుడు పెద్ద రాగి పొర కనిపెట్టాడు. బహుమానంగా ఒక సీసా బ్రాందీ, అద్దె లేని ఇల్లు ఇచ్చారని చెబుతారు. ఓడల కొయ్యని పురుగు తొలిచెయ్యకుండా అడుగున కొట్టే రేకులకు ఈ రాగి వాడేవారు. గనిలోని నీళ్ళని కూడా వదల్లేదు. చెరువుల్లో నింపి పాత ఇనుము పడేస్తే, నీళ్ళలోని రాగి బయటికొచ్చేది. మైలుతుత్తం నీళ్ళలో మేకు వేసి స్కూల్లో మనం చేసిన ప్రయోగమే.

తరువాత "కాపర్ లేడీస్" సంగతి వచ్చింది. వరసగా కూర్చుని రాగిరాయిని సుత్తితో చిన్న ముక్కలు చేసిన ఆడవాళ్ళు. రాయి పట్టుకునే చేతికి ఇనుప ఉంగరాలు కుట్టిన తొడుగు వేసుకునేవారు. రోలండ్ ప్యూకి పేరుంది, తేదీ ఉంది. వీళ్ళందరికీ కలిపి ఆ ఒక్క పేరే.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "మీ అవ్వ సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకునేది వేళ్ళకి" అంది.

అవ్వ ఎడమచేతి బొటనవేలు వంకర. తలుపు సందున పడిందని మాకు చెప్పేది. తాత గనిలో దుమ్ము మింగి మంచాన పడ్డాక, రెండేళ్ళు రోడ్డు పనికి కంకర కొట్టిందట. అమ్మ పక్కన కూర్చుని ముక్కలు గంపకెత్తేదట. తాత గని సర్టిఫికెట్ మా ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది. ఈ కంకర సంగతి నాకు ఇరవై ఏళ్ళొచ్చినా తెలీదు. "బయట చెప్పొద్దనింది" అంది అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

రాత్రి అవ్వకి ఫోన్ చేశాను. వేలి మాట ఎత్తకుండా, ఆ ఆడవాళ్ళ గురించి, వాళ్ళ ఇనుప ఉంగరాల గురించి మాత్రం చెప్పాను. అవ్వ కాసేపు ఊరుకుంది.

"ఇనుపవా? బరువు గదా మే. ట్యూబే మేలు. కూలి ఎంతిచ్చేవాళ్ళంట?"