రెండు బోల్టు రంధ్రాలు

మా నాన్న భుజం నొప్పికీ, బండిలో లేని ఒక ఇనప గొట్టానికీ సంబంధం ఉందని తెలియడానికి నాకు రెండు మామిడి సీజన్లు పట్టింది. నొప్పికంతా అదే కారణమని అనను. ముప్పై ఏళ్లుగా ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో కాయ కోయించి, ఎక్కించి, నున్న మార్కెట్టుకి తోలుతున్న మనిషి. అరగడానికి భుజాలకి వేరే కారణం అక్కర్లేదు.

బండి 2012 పికప్, ఏపీ 16 నంబరు. 2022లో మా మండలం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది గానీ బండి మాత్రం ఇంకా కృష్ణా జిల్లాదే.

పోయిన మే నెలలో నాన్న పక్కన కూర్చుని నున్న వెళ్లాను. రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. యార్డులో జాగా కోసం రివర్సు, ముందుకు, మళ్లీ రివర్సు. వెనక నిండుగా బంగినపల్లి. నాలుగోసారి స్టీరింగు తిప్పేటప్పుడు నాన్న ఎడం చేత్తో కుడి మోచేతిని నెట్టుకోవడం చూశాను. బానెట్ కింద సన్నగా ఒక కూత.

"ఎప్పట్నించి నాన్నా ఇలా?"

"ఎండకి అంతేలేమ్మా. చల్లారితే బానే ఉంటది."

హైదరాబాదులో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఒకప్పుడు వచ్చి ఒకప్పుడు పోయే తప్పుని వదిలిపెట్టలేని జబ్బు నాది. వేడెక్కితే స్టీరింగు బిగుసుకుని, చల్లారితే వదులవుతోందంటే కారణం ఏంటి? ఆయిలే.

పవర్ స్టీరింగులో పంపు ఆయిల్ని ఒత్తిడితో గేర్ బాక్సుకి పంపుతుంది. పని అయ్యాక ఆ ఆయిలు వేరే దారిన డబ్బాలోకి తిరిగొస్తుంది. తిరిగొచ్చే దారిలో రేడియేటర్ ముందు ఒక ఇనప గొట్టం వంపు తిరిగి ఉంటుంది, గాలికి ఆయిలు చల్లారడానికి. అదే కూలర్ లైను. హైవే మీద దాని విలువ తెలీదు. బండి కదలకుండా స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడే ఆయిలు బాగా కాగుతుంది. అంటే సరిగ్గా మార్కెట్టు యార్డులో.

మా బండికి ఆ గొట్టం లేదు. రేడియేటర్ ఫ్రేము మీద రెండు బోల్టు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి, చుట్టూ బ్రాకెట్టు ఒరుసుకున్న మచ్చ. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట నాన్న ఫోన్ చేశాడు: గొట్టం కారుతోంది, కొత్తది దొరకట్లేదు, తీసేసి రబ్బరు పైపుతో నేరుగా కలిపేస్తానంటున్నాడు మెకానిక్, ఏమంటావని. నేను మీటింగులో ఉన్నాను. "బండి తిరుగుద్దిగా నాన్నా, కానిచ్చేయ్" అన్నాను.

మర్నాడు బెజవాడ ఆటోనగర్‌లో తిరిగాను. "డ్రైవర్ని పంపండమ్మా" అన్నారు రెండు షాపుల్లో. మూడో షాపాయన మాత్రం అడగాల్సినవన్నీ అడిగాడు: బీఎస్ త్రీయా ఫోరా, ఏసీ ఉందా లేదా, పాత పైపు తెచ్చారా. పాతది ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. ఆయన ఇచ్చిన గొట్టానికి రెండు చివర్లా నట్టులున్నాయి. కొనేసి ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు. నట్టుతో బిగించేది, కొసన ఇనప తొడుగు నొక్కి ఉండేది మాలో ఒత్తిడి వైపు లైను. తిరిగొచ్చే వైపుది నున్నటి గొట్టమే. కొసన చిన్న ఉబ్బు, దాని మీదికి రబ్బరు పైపు ఎక్కించి క్లిప్పు వేస్తారు. ఈ ఒక్క తేడా ముందే తెలిసుంటే నాకో పూట మిగిలేది.

తర్వాత చేసిన పని కాస్త సిగ్గుగా ఉండింది. నున్న యార్డులో అదే మోడలు బండ్ల దగ్గరికెళ్లి "అన్నా, ఒకసారి బానెట్ తీస్తారా" అని అడిగాను. ఒక్కరూ కాదనలేదు. ఏసీ ఉన్న బండికి గొట్టం కిందికి జరిగి ఉంది, వంపు వేరు. మాది ఏసీ లేని బండి. అలాంటివి మూడు దొరికాయి. ఫోటోలు తీసి, టేపుతో కొలిచి, ఛాసిస్ నంబరుతో సహా అదే షాపాయనకి ఇచ్చాను. లోపలికెళ్లి దుమ్ము దులుపుతూ తెచ్చాడు.

రబ్బరు పైపులు కూడా మార్పించాం. రేడియేటర్ నీళ్ల పైపు ముక్క వేసున్నారు. అది ఆయిలుకి ఉబ్బి మెత్తబడిపోయింది. పాత ఆయిలు ఎర్రగా ఉండాల్సింది కాఫీ రంగులో, మాడు వాసనతో వచ్చింది. ముందు చక్రాలు జాకీ మీద లేపి, కొత్త ఆయిలు పోసి, బుడగలు ఆగేదాకా నాన్న స్టీరింగుని ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పుతూ కూర్చున్నాడు. నేను డబ్బాలోకి చూస్తూ ఆయిలు తగ్గినప్పుడల్లా పోశాను.

"ఆ రోజు ఫోన్లో నేను వద్దని ఉండాల్సింది నాన్నా."

"ఏ రోజు?" అన్నాడు. నిజంగానే గుర్తులేదో, లేదన్నాడో.

రెండో రంధ్రానికి బోల్టు కుదర్లేదు. బైండింగ్ వైరుతో కట్టాం, ఇంకా అలాగే ఉంది. యార్డులో కూత పోయింది. భుజం డాక్టరుకి చూపిద్దామంటే మాత్రం కలెక్టరు కాయ అయిపోనీ అంటున్నాడు.