బి దగ్గర లెక్క కుదరలేదు

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో మధ్యాహ్నం బ్యాచ్. మేం లోపలికి వెళ్లేసరికి మూడో బల్ల దగ్గర ఇద్దరమ్మాయిలు మల్టీమీటర్ వంక అనుమానంగా చూస్తున్నారు. నోట్‌బుక్‌లో ‘ఎ’ దగ్గర 6 వోల్టులు, ‘బి’ దగ్గర 3 అని తేలింది. మీటరేమో 7.54, 6.86 అంటోంది.

సర్క్యూట్ చిన్నదే. 12 వోల్టుల సప్లై నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ దాటితే ‘ఎ’. అక్కడ దారి చీలుతుంది: ఒకటి రెండు కిలో ఓమ్‌ల మీదుగా గ్రౌండ్‌కి, ఇంకొకటి ఒక కిలో ఓమ్ దాటి ‘బి’కి. ‘బి’ నుంచి మరో కిలో ఓమ్ గ్రౌండ్‌కి. ఈ ఎ, బిలే నోడ్‌లు. నోడ్‌లోకి ఎంత కరెంటు వస్తే అంతా బయటికి పోవాల్సిందే. 1845లో ఈ నియమం చెప్పేనాటికి కిర్కాఫ్ కూడా కోనిగ్స్‌బర్గ్‌లో విద్యార్థే. నోడ్‌కో సమీకరణం రాసి, రెండూ కలిపి సాధిస్తే వోల్టేజీలు వచ్చేస్తాయి. సర్క్యూట్లు లెక్కగట్టేందుకు 1973లో బర్క్‌లీలో తయారైన స్పైస్ ప్రోగ్రాం చేసేదీ ప్రధానంగా ఇదే. మూలనున్న కంప్యూటర్‌లో ఇదే సర్క్యూట్ గీస్తే అది కూడా 6, 3 అనే చూపింది.

“మీటరు పాడైనట్టుంది మేడమ్” అంది ఒకమ్మాయి. ఏ ల్యాబ్‌లోనైనా మొదట నింద పడేది మీటరు మీదే!

మేడమ్ మీటరు ముట్టుకోలేదు. “నీ లెక్క పక్కన పెట్టమ్మా. మీటరు చెప్పిన అంకెలతోనే జమాఖర్చు రాయి” అన్నారు.

‘ఎ’లోకి వచ్చేది 4.46 మిల్లీ ఆంపియర్లు. గ్రౌండ్‌కి పోయేది 3.77, ‘బి’ వైపు 0.68. దాదాపు సరిపోయింది. ఇక ‘బి’. వచ్చేది 0.68. గ్రౌండ్‌కి ఉన్నది నిజంగా కిలో ఓమే అయితే పోయేది 6.86!

“పదిరెట్లు” అంది రెండో అమ్మాయి మెల్లగా, బ్రెడ్‌బోర్డ్ మీదికి వంగుతూ. ‘బి’ కింది రెసిస్టర్ విలువ చెప్పే రంగు గీతలు: గోధుమ, నలుపు... మూడో గీత ఎరుపు కాదు, నారింజ. కిలో ఓమ్ అనుకున్నది పది కిలో ఓమ్‌లు. ట్యూబ్‌లైట్ కింద ఆ రెండు రంగులూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పొద్దున బ్యాచ్‌లో ఎవరో తీసిన డబ్బాలో కాక పక్క డబ్బాలో పడేసి ఉంటారు.

రెసిస్టర్ మార్చారు. మీటరు 5.99, 2.98 చూపింది. ఆ చిన్న తేడా దేనికని అడిగితే, రెండో అమ్మాయి చివరనున్న బంగారు గీత చూపించింది: అయిదు శాతం అటూఇటూ. తర్వాత ఇద్దరూ కూర్చుని కిలో ఓమ్ డబ్బా మొత్తం బల్లమీద పోసి ఏరడం మొదలుపెట్టారు. మేం బయల్దేరేసరికి నారింజ గీతవి ఇంకో మూడు దొరికాయి.