స్కిన్ కలర్

సెలవులొస్తే మా ఇంట్లో విరిగిన క్రేయాన్ల డబ్బా బయటికొస్తుంది. ముక్కల్ని నీళ్లలో నానబెడితే కాగితం సులువుగా ఊడుతుంది. ఆ పని పిల్లలది, పొయ్యి దగ్గర పని నాది. మరిగే నీళ్లలో పాత స్టీలు గ్లాసు నిలబెట్టి అందులో ముక్కలు వేస్తే మెల్లగా కరుగుతాయి. నేరుగా మంట మీద పెట్టకూడదు, మైనం అంటుకుంటుంది. ప్లాస్టిక్ క్రేయాన్లు ఇలా కరగవు, ముందే ఏరెయ్యాలి. కరిగినదాన్ని సిలికాన్ అచ్చుల్లో పోస్తాం. (ఇడ్లీ రేకులు అడిగారు గానీ నేనివ్వలేదు. తర్వాత వాటిలో ఇడ్లీ ఎవరు తింటారు?)

ఈసారి ముక్కలు ఏరుతుంటే ఒకటి కనిపించింది. పిల్లలు 'స్కిన్ కలర్' అనే లేత గులాబీ రంగు గోరంతే మిగిలింది. గోధుమ రంగు చెట్ల మానులకు తప్ప వాడినట్టు లేదు. మొన్న మనవరాలు వేసిన నా బొమ్మలోనూ నేను గులాబీగానే ఉన్నాను! అమెరికాలో క్రయోలా కంపెనీ 'ఫ్లెష్' అన్న రంగు పేరును 1962లోనే 'పీచ్' అని మార్చేసింది. మన పిల్లల నోట మాత్రం ఇంకా అదే స్కిన్ కలర్.

"ఏదీ, నీ చేతి పక్కన పెట్టి చూడు" అన్నాను.

చూసింది. "ఇది నాది కాదు అమ్మమ్మా."

"మరి నీది చేద్దామా?"

గోధుమ, నారింజ, కాస్త పసుపు కరిగించాం. ఎర్రగా వచ్చింది. చిటికెడు నలుపు వేశాం. గట్టిపడ్డాక చేతికి ఆనించి చూసుకుని, కాగితం చుట్టి పైన తన పేరు రాసుకుంది.

"నాక్కూడా. నాదానికి నలుపు ఇంకొంచెం వెయ్యాలి" అన్నాడు వాళ్లన్నయ్య, మామూలుగానే.

మళ్లీ పొయ్యి వెలిగించాను.