లయ తప్పిన గుండె
గిన్నె దగ్గరికి వెళ్తున్న పిల్లి ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయింది. కాసేపటికే లేచి, ఏమీ ఎరగనట్టు అన్నం తింది! 'ఫిట్సే' అని తేల్చేశాడు తండ్రి. కూతురికి నమ్మకం కుదరలేదు. మర్నాడు మళ్లీ పడిపోతే ఫోన్లో వీడియో తీసి, పశువుల డాక్టరుకి చూపించింది.

ఆయన స్టెతస్కోపు పెట్టి లెక్కపెట్టారు. నిమిషానికి 140 నుంచి 220 సార్లు కొట్టుకోవాల్సిన గుండె 100 సార్లే కొట్టుకుంటోంది. ఈసీజీ తీస్తే అసలు సంగతి తెలిసింది. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతాలు అందడం లేదు. గుండె కండరం ఎలా ఉందో చూడ్డానికి ఎకో కూడా తీశారు.

'పేస్‌మేకర్ పెట్టకపోతే బతకదా డాక్టర్ గారూ?' బేలగా అడిగిందా అమ్మాయి.

'కింది గదులు సొంతంగా కొట్టుకుంటున్నాయిగా! చాలా పిల్లులు అలాగే నెట్టుకొస్తాయి. మాటిమాటికీ పడిపోతుంటే అప్పుడు ఆలోచిద్దాం' అన్నారాయన.

ఇప్పుడు రోజూ రాత్రి, నిద్రపోతున్న పిల్లి పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టేది ఆ తండ్రే. నిమిషానికి 30 దాటితే డాక్టరుకి చెప్పాలి మరి!