మధ్యాహ్నం ఒంటిగంట

మా జున్ను వీధికుక్కే. 2020 లాక్‌డౌన్‌లో ఒక వాన రోజు మా గేటు ముందు వణుకుతూ కనిపిస్తే చెల్లి ఎత్తుకొచ్చింది. తెల్లగా ఉందని ఆ పేరు తనే పెట్టింది. వద్దన్నది ఒక్క నానమ్మే. "దీని వెంట్రుకలు అన్నంలో పడితే ఎవరు తింటారు?" అని నెల రోజులు గొడవ చేసింది. చివరి దాకా జున్నుని "ఛీ, పో అవతలికి" అనే పిలిచింది.

ఈ ఏడు జూన్ 12న స్కూళ్లు తెరిచారు. అమ్మ ప్రైవేట్ స్కూల్లో టీచర్, చెల్లి అదే స్కూల్లో ఎనిమిదో క్లాసు. ఎనిమిదింపావుకి వెళ్తే సాయంత్రం నాలుగున్నరకి వస్తారు. నాన్నకి జిరాక్స్ షాపు, ఆయన ఇంకా ముందే వెళ్లిపోతారు. నేను సెమిస్టర్ పరీక్షలు రాసి ఖమ్మంలో బస్సు దిగేసరికి స్కూళ్లు తెరిచి మూడు రోజులైంది. అప్పటికే పై పోర్షన్ ఓనర్ ఆంటీ రెండుసార్లు కిందికి వచ్చి చెప్పారట. "కుక్క ఒకటే ఏడుపమ్మా. మా మామగారికి నిద్ర ఉండట్లేదు. ఏదో ఒకటి చూడండి."

ఏదో ఒకటి అంటే ఏంటో అందరికీ తెలుసు. మామయ్య వాళ్ల పొలం దగ్గర వదిలేద్దాం అన్నారు నాన్న. ఆ రాత్రి చెల్లి అన్నం తినలేదు.

"నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంటావుగా, నువ్వన్నా ఏదన్నా చెయ్యిరా" అంది అమ్మ.

నేను కోడ్ రాయబోయే ముందు ఎలా చదువుతానో అలాగే నెట్లో చదివాను. కుక్కలకి మనం వెళ్లిపోవడం కన్నా ముందు, వెళ్లబోతున్నాం అనే గుర్తులు భయం పుట్టిస్తాయట. తాళాల చప్పుడు, బూట్లు, స్కూల్ బ్యాగు. అందుకే తాళాలు తీసి ఊరికే సోఫాలో కూర్చున్నాను. బూట్లేసుకుని టీవీ చూశాను. చెల్లి బ్యాగు తగిలించుకుని వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగొచ్చాను. అమ్మ నన్ను అదోలా చూసింది. తర్వాత తలుపేసి అర నిమిషం బయట నిలబడటం, అది ఏడవకముందే లోపలికి రావడం, వచ్చాక ముద్దులు చెయ్యకపోవడం. అర నిమిషం, రెండు నిమిషాలు, ఐదు, పది. ఎక్కడ ఏడిస్తే అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగాలి. వెళ్లేముందు పాత టవల్లో బిస్కెట్ ముక్కలు చుట్టి ఇచ్చేవాడిని. స్టీలు గిన్నెలో పెరుగన్నం రాత్రే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టిస్తే అది నాకడానికే అరగంట పట్టేది. పొద్దున ఐదున్నరకే, రోడ్డు కాలకముందే, రెండు కిలోమీటర్లు తిప్పేవాడిని.

వారానికి పొద్దుటి ఏడుపు దాదాపు ఆగిపోయింది. నేను కూడా పొద్దున్నే షాపుకి వెళ్లి నాన్న దగ్గర కూర్చునేవాడిని. అయినా ఆంటీ మళ్లీ వచ్చారు. "పొద్దున పర్లేదు గానీ..." అంటూ.

అప్పుడు నా పాత ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్లాను. లాగ్స్ లేకుండా బగ్ దొరకదు కదా. సాయంత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పొద్దున కాస్త మూలుగు, గిన్నె నాకుతున్న చప్పుడు, తర్వాత ఫ్యాన్ తప్ప ఏమీ లేదు. సరిగ్గా ఒంటిగంట దగ్గర మొదలైంది. అరుపు కాదు, ఊళ. మధ్యలో వరండా తలుపుని గీరుతోంది. నలభై నిమిషాలు. మర్నాడూ అంతే, ఒంటిగంటకే.

మా ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఆంటీనే అడిగాను.

"మీ నానమ్మ భోజనం చేసే టైమ్ కదరా అది" అన్నారావిడ. "వరండాలో కూర్చుని తినేది. తనో ముద్ద, దానికో ముద్ద. నీకు తిండి తప్ప వేరే పని లేదా అని తిడుతూనే పెట్టేది. పైకి వినిపిస్తుండేది."

మేమందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నానమ్మ జున్నుకి ముద్దలు పెట్టడం మేమెప్పుడూ చూళ్లేదు. అసలు ఎలా చూస్తాం? ఐదేళ్లుగా మా ఇంటి మధ్యాహ్నాలు వాళ్లిద్దరివే. నానమ్మ మార్చి మొదట్లో పోయింది. పదకొండో రోజు దాకా చుట్టాలున్నారు. వాళ్లు వెళ్లగానే ఒంటిపూట బడులు వచ్చాయి, అమ్మ ఒంటిగంట లోపే ఇంట్లో ఉండేది. తర్వాత వేసవి సెలవులు. అందుకే నానమ్మ లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో జూన్ 12 దాకా జున్నుకి తెలియలేదు. మాకైతే అప్పటికీ తెలియలేదు.

నేను బిస్కెట్లతో, టవల్‌తో స్కూల్ టైమ్‌టేబుల్‌కి అలవాటు చేస్తున్నాను. అది ఎదురుచూస్తున్నది మమ్మల్ని కాదు.

"ఒంటిగంటకి ఎవరో ఒకరు ఉండాలి" అన్నాను ఆ రాత్రి. నాన్న తలెత్తలేదు. "అడ్మిషన్ల సీజన్. షాపు వదిలి ఎట్లా వస్తా" అన్నారు. ఎప్పుడూ క్యారియర్ పట్టుకెళ్లి షాపులోనే తింటారాయన.

మర్నాడు క్యారియర్ వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. మర్చిపోయారేమో అనుకుని ఇవ్వడానికి నేను బయల్దేరబోతుంటే, ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు గేటు చప్పుడైంది. నాన్న లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లారు. డైనింగ్ టేబుల్ మీద తినే మనిషి నానమ్మ కూర్చునే చోట కింద కూర్చున్నారు. జున్ను కాసేపు దూరం నుంచే చూసింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. నాన్న పెరుగన్నం కలిపి ఒక ముద్ద కింద పెట్టారు. నేను లోపలే ఉండిపోయాను. మార్చిలో అన్ని రోజులూ ఏడవని నాన్న ఆ రోజు చాలాసేపు కంచం ముందు నుంచి లేవలేదు.

ఆ తర్వాత ఆంటీ ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. మామయ్య పొలం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నెలాఖరుకి హాస్టల్‌కి బయల్దేరాను. నేను నేర్పిన రూల్ ప్రకారమే టాటా చెప్పకుండా, తల నిమరకుండా బ్యాగు తీసుకున్నాను. జున్ను గిన్నె నాకుతూ కనీసం తలెత్తలేదు. ట్రైనింగ్ సక్సెస్. బస్టాండ్ దాకా నాకే ఏదోలా ఉంది.

బస్సు చౌటుప్పల్ దాటాక టైమ్ చూసి నాన్నకి ఫోన్ చేశాను. "భోజనం అయ్యిందా?" అని అడిగాను.

"ఆఁ, ఇప్పుడే తిన్నాం" అన్నారు.